కోయని కత్తి

తాకొద్దన్నాడు కాబట్టి తాకడం లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తప్పు చేస్తే మూల కూర్చోబెట్టిన పిల్లలాగా కూర్చున్నాను. "భోంచేసి వచ్చేస్తానమ్మా, అంతవరకూ దాన్ని తుడవొద్దు, తెరవొద్దు, వేలి చెమట చాలు మచ్చ పడటానికి" అని చెప్పి వెళ్లాడు తొడుగులాయన. చేతులకు తెల్లటి నూలు తొడుగులు లేకుండా కత్తి ముట్టుకోడు కనుక ఈ హాల్లో అందరూ అతన్ని అలాగే అంటారు, ఆ తొడుగులతోనే స్నానం కూడా చేస్తాడేమో అని మా ఆయన నవ్వేవాడు. నల్లగుడ్డ మీద మిగతా మడతకత్తులన్నీ రెక్కలు విప్పుకుని పడుకున్నాయి, ఇది ఒక్కటే మడుచుకుని, దాని నూనె కాగితం మీద, ఫొటో తీయించుకోవడానికి కూర్చున్నదానిలా బిగుసుకుని ఉంది. ఇంతవరకూ ఇది ఏమీ కోయలేదు. అందుకే దీనికింత మర్యాద. దీనికోసమే అతను మిగతావి కూడా తీసుకుంటానన్నాడు, ఇది లేకపోతే మిగతావేవీ తనకు అక్కర్లేదన్నాడు, డబ్బుతో తిరిగి వస్తానన్నాడు, వచ్చాక ఈ బల్ల ఖాళీ, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లడమే, ఇక ఈ హాలుకి రానక్కర్లేదు. రానక్కర్లేదని మా మరిది పొద్దున్నుంచి ఎన్నిసార్లన్నాడో, డిశ్చార్జి రాసిచ్చే డాక్టరు మొహం పెట్టుకుని మరీ అన్నాడు.

రానక్కర్లేదు. ఆ మాటని నోట్లో ఎటు తిప్పినా రుచి తెలియడం లేదు. ఇది ఏదో స్కూలు వాళ్ల ఆటల హాలు, సెలవు రోజుల్లో కత్తుల సంతకి మాకిస్తారు, నేల మీద పిల్లలు బంతులాడుకునే గీతలు, ఎర్రవి, పసుప్పచ్చవి, బల్లల కింద నుంచి పాక్కుంటూ పోతాయి. గోడల వెంబడి వేసిన బల్లలు వ్యాపారం చేసేవాళ్లవి, వాళ్లు అద్దె కడతారు, రసీదులిస్తారు. మధ్యలో వేసినవి సరదాకి పోగుచేసేవాళ్లవి, వాళ్లు చూపించుకోవచ్చు, ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు, అంతకు మించితే హాలు పెద్దావిడ చూస్తూ ఊరుకోదు. రెంటికీ మధ్య పసుప్పచ్చ గీత. మా ఆయన బల్ల కాళ్లు రెండు ఆ గీతకు ఇటు, రెండు అటు. ప్రతిసారీ ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది. "అమ్మేవాళ్లు గోడకి, మార్చుకునేవాళ్లు మధ్యకి. మీరెటు?" ఈయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ "సాయంత్రం చెబుతానమ్మా" అనేవాడు. సాయంత్రానికి రెండు కత్తులు అమ్మి, ఆ డబ్బు ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో ఇంకో బల్ల దగ్గర ఇచ్చేసి, ఒక కొత్త కత్తి జేబులో వేసుకుని, జేబులు బయటకు లాగి చూపించేవాడు, "చూడండి, వచ్చినప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది, దీన్ని వ్యాపారం అంటారా?" ఆవిడ నవ్వాపుకోలేక అటు తిరిగిపోయేది. ఇవాళ పొద్దున్న మాత్రం, ఆయన పోయాక నేనొక్కదాన్నే లోపలికి రాగానే ఎదురొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది, ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, "బల్ల గీత మీదే వేయించాను" అంది, అంతే.

నేనూ అడిగేదాన్ని లెండి, హాలు పెద్దావిడ కంటే ఎక్కువే అడిగేదాన్ని, మీది సరదానా దుకాణమా తేల్చి చెప్పండి, చుట్టుపక్కల వాళ్లు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక చస్తున్నాను అని. ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. ఆ పనికి జీతం ఉంది, పేరుంది, చెప్పుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువు వెనకా ఒక మడతకత్తి ఉండేది. దంతపు రంగు పిడిది పోయి కుట్టుమిషను వచ్చింది. జంట అలుగులది, రెండు కోసే రేకులది, పోయి వంటింటి పైకప్పు కారడం మానింది. అమ్మాయి చదువు సగం కొమ్ము పిడుల మీదే నడిచింది. "ఇంత వస్తుంటే వ్యాపారం కాదంటారేమిటి" అంటే, "వ్యాపారమైతే అమ్మిన రోజు నిద్ర పట్టాలి కదే" అనేవాడు. నిజమే, అమ్మిన రోజు ఆయన నిద్రపోయేవాడు కాదు, వెల్లకిలా పడుకుని బొటనవేలు చూపుడువేలితో లేని కత్తిని తెరుస్తూ మూస్తూ ఉండేవాడు, దుప్పటి కింద ఆ వేళ్లు కదలడం నాకు తెలిసేది. కొన్న రోజూ నిద్రపోయేవాడు కాదు, అదింకో రకం.

ఆయన చెవి లిఫ్టులది. తలుపు మూసుకునే చప్పుడు విని ఏ అంతస్తులో ఏ తాడు వదులైందో చెప్పే చెవి కత్తులక్కూడా అలాగే పనికొచ్చింది. కొత్తగా ఏదైనా తెస్తే ముందు నా చెవి దగ్గర పెట్టేవాడు, చూపించేవాడు కాదు. మెల్లగా తెరుస్తాడు, సగంలో అలుగు ఒక్క క్షణం ఆగుతుంది, ఆగినప్పుడు లోపలి స్ప్రింగు ఊఁ అంటుంది, తర్వాత మిగతా సగం తెరుచుకుని టక్కుమంటుంది. ఆ ఊఁ మెత్తగా, ఆ టక్కు పొడిగా ఉండాలి. "విన్నావా, అడిగింది, ఒప్పుకుంది" అనేవాడు. ఎవరో మనిషి, ఏనాటివాడో, ఒక ఉక్కు పట్టీని ఆకురాయితో రుద్దీ రుద్దీ ఆ ఒక్క ఊఁ కోసం ఎన్ని రోజులు కూర్చుని ఉంటాడో, అది వాడి గొంతే కదా, వాడు పోయాడు, గొంతు మిగిలింది, మా వంటింట్లో నా చెవి పక్కన పలుకుతోంది. నాకు అక్షరాలు కూడా వీటి దగ్గరే వచ్చాయి, అలుగు మొదట్లో, పిడిలోకి దిగే చోట చేసినవాడు తన పేరు అచ్చు కొడతాడు, భూతద్దం నా చేతికిచ్చి కూడబలుక్కోమనేవాడు, జుట్టు నెరిశాక నేను ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి మాట ఎప్పుడో చచ్చిపోయిన ఒక కమ్మరి పేరు. చదవగానే ఆ మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డట్టనిపించి పైట సర్దుకున్నాను.

"వదినా!"

మరిది. ఎప్పుడొచ్చాడో బల్ల ముందు నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కుక్కలున్న ఇంట్లోకి వచ్చినవాడిలా.

"కదలకు వదినా. అతను వచ్చేదాకా బాత్రూముకి కూడా వెళ్లకు."

"వెళ్లాల్సొస్తే?"

"చెప్పు, నేను కూర్చుంటా."

"నువ్వు కూర్చుంటే ఏదో ఒకటి కెలికి వేలు కోసుకుంటావు. మీ అన్నయ్య ఉన్నప్పుడు కోసుకున్నది చాల్లేదా?"

"అందుకే కదా చెప్పేది, ఈ పీడ ఇవాళ్టితో వదిలించుకోమని. అతను కాదన్నాడనుకో, నెలనెలా వచ్చి ఇక్కడ కూర్చుని ఒక్కొక్కటీ నువ్వే అమ్ముకోవాలి. ఈ వయసులో నీకవసరమా?"

పక్క బల్ల నుంచి మొండి మామయ్య తలెత్తాడు. మొన విరిగిన కత్తులే పోగుచేస్తాడాయన, విరగనిది ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోడు, విరిగినవాటిని ఎవరూ కొనరు కాబట్టి జీవితంలో ఆయన్ని ఎవరూ వ్యాపారి అనలేదని గర్వం. "పీడేమిటయ్యా పీడ? పరుపులమ్మేవాడివి, నీకు మెత్తటివే నచ్చుతాయి."

"మీకేం మామయ్యా, మీవి ఎవరూ అడగరు."

"అడక్కుండా ఉండటానికే కదా నలభై ఊళ్లు తిరిగి ఏరుకొచ్చింది!"

మరిది నవ్వాడు, నవ్వి, మా తోటికోడలు పంపిన డబ్బా నా పక్కన పెట్టి, మరోసారి "ముట్టుకోకు" అని నూనె కాగితం వైపు చూపించి పోయాడు. మంచివాడే. నన్ను బరువు దించుకోమంటున్నాడు. వాడికి తెలియదు, బరువు దించుకున్న చేతులు ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఇంట్లో పనంతా పొద్దున్నే అయిపోతోంది ఈ మధ్య. ఒక్క మనిషి తింటే అంట్లు ఎన్ని పడతాయి కనుక. గిన్నె కడిగి బోర్లిస్తే ఆ తర్వాత రోజంతా బోర్లించిన గిన్నెలాగే ఉంటోంది. మొన్న ఈ కత్తులు తీసి నూనె పెడుతుంటే పొద్దు వాలడం తెలియలేదు, చాలా రోజుల తర్వాత అన్నం తినడం మరిచిపోయాను, దిగులుతో కాదు, పనిలో పడి.

"అక్కా, మరకున్నదేదైనా ఉందా?"

సంచులు కుట్టే ఆవిడ, గోడవైపు ఎవరి దగ్గరా ఏమీ కొనదు, తిన్నగా మా బల్ల దగ్గరికే వస్తుంది. తన కత్తి తీసి చూపించింది, దారాలు తెంపీ తెంపీ పిడి నిగనిగలాడుతోంది, అలుగు మీద మా ఆయన పెట్టిన మరక, చిన్న మబ్బు ముక్కలాగా, నీలం, బూడిదరంగు, అంచున కాస్త ఊదా. "మా చెల్లెలికి కావాలి, మరకున్నదే కావాలంటోంది. మరక లేనిది కొంటే ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర కొన్నట్టుంటుందట." అన్నీ ఒకాయనకి ఇస్తానని మాటయిపోయిందమ్మా అని చెప్పాను. ఆవిడ బల్ల వంక, నా వంక, మళ్లీ బల్ల వంక చూసింది. "అన్నీనా?" అంది. ఇల్లు మారిపోతున్నారా అని అడిగినట్టే అడిగింది.

ఆ మరక సంగతి. అది పండు మరక. పాతకాలపు ఉక్కు పండు రసం తగిలితే నీలమెక్కుతుంది, పోదు, పోగొట్టాలంటే ఉక్కు అరగదీయాలి. పోగుచేసేవాళ్లకి అలుగు మీద అద్దం మెరుపు ఉండాలి, ఒక్కసారి కోసినా దాని విలువ సగానికి పడిపోతుంది, అది తెలిసీ మా ఆయన అమ్మకానికి పెట్టే ప్రతి కత్తితోనూ ముందు ఒక పండు కోసేవాడు. ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి. ఒక ముక్క నాకు, ఒక ముక్క ఆయనకు. "కోయడం తెలియని కత్తిని ఒకడి చేతిలో పెడితే ఇనుప ముక్క అంటగట్టినట్టే" అనేవాడు. హాల్లో అందరూ తలలు పట్టుకునేవాళ్లు, పిచ్చివాడన్నారు, కత్తుల్ని పాడుచేస్తాడన్నారు, నేనూ అన్నాను, ఒక్క యాపిల్ కోసం ఎంత నష్టపోతున్నారో చూసుకోండి అని. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన గీత అదేనేమో. హాలు పెద్దావిడకు నేల మీద గీత, ఈయనకి అలుగు మీద గీత. పండు కోసేదాకా అది ఆయన సొంతం, సొరుగులో, గుడ్డ మడతలో, నా కంటికి కూడా అప్పుడప్పుడే. పండు కోశాక అది ఎవరిదైనా కావచ్చు. నాకు ప్రతి కత్తీ రుచితో సహా గుర్తుంది. ఇదిగో ఈ చివర ఉన్నది, ఎర్ర పిడిది, పిండిపిండిగా ఉన్న యాపిల్, ఇద్దరం మొహాలు చిట్లించాం. ఆ పక్కది బేరిపండు, రసం మోచేతి దాకా కారింది. ఆ సన్నటిది కోసినరోజు అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, మూడో ముక్క కూడా కోశాడు, అందుకే దాని మరక మిగతావాటికంటే వెడల్పు.

దీనికి రుచి లేదు. ఈ మూసుకున్నదానికి. ఇది తెచ్చిన రోజు ఆయన మెట్లు ఎక్కలేక మధ్యలో ఆగి ఆగి వచ్చాడు, జీవితమంతా మనుషుల్ని మెట్లెక్కకుండా కాపాడినవాడు. నా చెవి దగ్గర పెట్టాడు. అంత మంచి ఊఁ నేను వినలేదు అంతకు ముందు, ఎవరో నిద్రలో పిలిస్తే పలికినట్టు. తేనెరంగు కొమ్ము పిడి, చిన్నచిన్న ఇత్తడి మేకులు పిడితో సమంగా, వేలితో తడిమితే ఎక్కడ కొమ్ము ఆగి ఎక్కడ ఇత్తడి మొదలైందో తెలియదు. అలుగులో నా కన్ను కనిపించింది, వెంట్రుకలతో సహా. యాపిల్ తెచ్చి ముందు పెట్టాను. ఆయన కత్తి తెరిచి, పండు మీద ఆనించి, ఆగిపోయాడు. "ఇవాళొద్దులే. నోరు చేదుగా ఉంది" అన్నాడు. మర్నాడూ చేదే. ఆ తర్వాత ఆ చేదు ఏమిటో డాక్టర్లు చెప్పారు, చెప్పాక ఇక పండ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

తొడుగులాయన పొద్దున్న దీన్ని చూసినప్పుడు నేనతని మొహాన్నే చూశాను. చిన్నపిల్లాడి మొహం అయిపోయింది, ఆ తర్వాత గుర్తొచ్చి పెద్దమనిషి మొహం పెట్టుకున్నాడు. పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు, కొండ మీద నుంచి చూసినట్టు అలుగు పొడవునా చూశాడు, అబద్ధం ఒక్కటీ ఆడలేదు, వంక ఒక్కటీ పెట్టలేదు. "కోయనే లేదు! మీ ఆయన దీన్ని ఎంత ప్రేమగా దాచాడమ్మా" అన్నాడు. నాకు చెప్పాలనిపించింది, దాచలేదయ్యా, నోరు చేదుగా ఉండి మిగిలిపోయింది అని. చెప్పలేదు. అతను కూడా ఒకప్పుడు హాలు మధ్య బల్లల్లోనే ఉండేవాడట, మా ఆయన పక్కనే. గోడవైపు వెళ్లాక అతని ఇంట్లో సొంతానికంటూ ఒక్క కత్తీ లేదట, వచ్చినవన్నీ అద్దాల పెట్టెల్లోకి, అక్కణ్నుంచి ఇంకెవరి అద్దాల పెట్టెల్లోకో. ఇదీ అలాగే వెళుతుంది. గాజు వెనక, కింద చీటీ, కోయనిది అని గొప్పగా. ఎవరూ చెవి దగ్గర పెట్టుకోరు. ఆయన నోటి చేదుని అందరూ మెచ్చుకుంటూ చూస్తారు.

ఆకలిగా ఉంది. తోటికోడలి డబ్బా తెరిచాను. రొట్టె, పక్కన కాగితంలో చుట్టిన యాపిల్, గట్టిది, ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఇంకా ఆకుపచ్చ. నా ముందు పళ్లు రెండూ ఊగుతున్నాయని మరిచిపోయినట్టుంది పిచ్చిది, యాపిల్ని కొరికి తినడం నా వల్ల ఎక్కడవుతుంది. బల్ల నిండా కత్తులు, పండు కోసుకోవడానికి దిక్కు లేదు. నవ్వొచ్చింది. నిజానికి దేంతోనైనా కోసుకోవచ్చు, ఎర్ర పిడిది ఉంది, సన్నటిది ఉంది, వాటికి అలవాటే. చెయ్యి వాటి మీదుగా వెళ్లింది. వెళ్లి ఆగలేదు. నూనె కాగితం చప్పుడైంది. పిడి చల్లగా ఉంటుందనుకున్నాను, లేదు, ఈ హాలంత వెచ్చగా ఉంది. గోటితో అలుగు గాడిలో పట్టి లాగాను. సగంలో ఆగింది.

ఊఁ.

"అమ్మాయ్!" అన్నాడు మొండి మామయ్య, గొంతు తగ్గించి. "ఏం చేస్తున్నావో తెలుసా?"

"తెలుసు మామయ్యా."

"తెలిస్తే సరే." కుర్చీ ఇటు తిప్పుకున్నాడు, సరిగ్గా కనబడటానికి.

టక్. యాపిల్ని గుడ్డ మీద పెట్టి, ఎడమచేత్తో పట్టుకుని, ఆయన ఎక్కడ ఆనించి ఆగిపోయాడో అక్కడే, తొడిమ పక్కనే ఆనించాను. నేను ఏమీ చేయలేదు, నొక్కలేదు, అది దానంతటదే దిగింది, నీళ్లలోకి దిగినట్టు, అడుగున చిన్న చప్పుడు చేసి పండు రెండై పడింది, గింజ ఒకటి కూడా రెండైంది. అబ్బ. అది చేసినవాడి చేతులు చల్లగా ఉండాలి. దాన్ని చూసి వదలకుండా, మెట్లు మెట్లుగా ఆగుతూ ఇంటిదాకా మోసుకొచ్చినవాడి కళ్లు చల్లగా ఉండాలి. ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాను. పులుపు ముందు, తీపి తర్వాత. దవడలోకి నీళ్లూరి కళ్లలోకి కూడా వచ్చాయి. తుడుచుకోలేదు, చేతిలో కత్తి ఉంది.

తల ఎత్తేసరికి ఎదురుగా తొడుగులాయన. వెనక మా మరిది, మొహం పాలిపోయి.

"అయ్యో అమ్మా!" అన్నాడు తొడుగులాయన. "అయ్యో! ఇంతసేపూ అమ్మకానికి పెట్టి, చివరికి ఇదేమిటమ్మా?"

"ఇంతసేపూ అది అమ్మకానికి లేదు బాబూ. ఇప్పుడొచ్చింది."

మొండి మామయ్య బల్ల మీద చరిచాడు, ఆయన విరిగిన కత్తులన్నీ గలగలమన్నాయి. హాలు మధ్యలో సంచులు కుట్టే ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూ ఆగి ఇటు చూస్తోంది, రమ్మన్నట్టు తలూపాను. తొడుగులాయన వంగి అలుగు వంక చూస్తున్నాడు. రసం అంచు వెంబడి పాకుతోంది, ఎక్కడ ఆగితే అక్కడ నీలం మొదలవుతుంది, రేపటికి మబ్బు తేలుతుంది. కోపం వస్తుందేమో అనుకున్నాను. రావడం న్యాయమే. అతను వంగిన మనిషి అలాగే ఉండిపోయాడు, పాత ఇంటి కిటికీలోంచి లోపలికి చూసేవాడిలా. అప్పుడు నేను ఇంకో ముక్క కోసి అలుగు మీదే పెట్టి అతని ముందుకు చాచాను. ఆయన ఇలాగే ఇచ్చేవాడు.

అతను చెయ్యి చాచి, మధ్యలో ఆపి, వెనక్కి తీసుకుని, కుడిచేతి తొడుగు ఒక్కొక్క వేలే లాగి విప్పాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి నేనెప్పుడూ చూడలేదు. వేళ్ల నిండా సన్నటి తెల్లటి పాత గాట్లు, అచ్చం మా ఆయన వేళ్ల మీద ఉన్నవే. ఆ వేళ్లతో ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.